ఈమ్ ఊరి ప్లేగు కథ: ఆ మెసేజ్‌ని ఇక ఆపండి

మళ్లీ అదే మెసేజ్. చదువుకున్న స్నేహితులే గ్రూపు తర్వాత గ్రూపులో పెడుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: "ఇంగ్లాండులో ఇయాం అనే ఊరు. 1665లో ప్లేగు వస్తే ఊరి పాస్టరు ఒక్క మాట అన్నాడు, ఊరంతా తలుపులేసుకుంది. ఒక్కరంటే ఒక్కరు పొలిమేర దాటలేదు. 350 మందిలో 83 మందే మిగిలారు. బతికినవాళ్ల రక్తంలో డెల్టా 32 అనే జన్యువు ఉంది, అది ఉన్నవాళ్ల దగ్గరికి ఏ రోగమూ రాదు. ఆత్మబలం ఉంటే మందులెందుకు, టీకాలెందుకు? మన పిల్లలు పాడే రింగా రింగా రోజెస్ ఆ ఊరి చావుపాటే. ఇప్పటికీ అక్కడ మనుషులు ఉండరు."

చిన్నవాటిని ముందు తేల్చేద్దాం. ఊరి పేరు ఇయాం కాదు, ఈమ్. డెర్బీషైర్‌లో ఉంది. అక్కడ ఇవాళ దాదాపు వెయ్యి మంది ఉంటున్నారు. బడి ఉంది, మ్యూజియం ఉంది. ప్లేగు మొదలైన ఇళ్లలో కూడా కాపురాలున్నాయి. ఆ ఇంట్లో ఎవరెవరు చనిపోయారో గుమ్మం ముందు పలకల మీద రాసి ఉంటుంది. ఇక పాట సంగతి. అది అచ్చులో కనబడేదే 19వ శతాబ్దంలో. దానికి ప్లేగు అర్థం అంటగట్టింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. పాటలో వచ్చే తుమ్ముల చప్పుడు ప్లేగు గుర్తే అంటారు కానీ, గజ్జల్లో, చంకల్లో గడ్డలు లేచే ప్లేగుకు తుమ్ము లక్షణమే కాదు.

350 అనే లెక్క పాతది. చర్చి రిజిస్టరునీ, అప్పట్లో ఇంటి పొయ్యిల మీద వేసిన పన్ను పద్దులనీ కలిపి చూసినవాళ్లు ఊరి జనాభా 700 దరిదాపుల్లో ఉండేదని తేల్చారు. చనిపోయినవాళ్లు సుమారు 260 మంది. అంటే మూడింట ఒక వంతుకు పైనే. ఆ లెక్క చాలదా గుండె బరువెక్కడానికి? దాన్ని ముప్పాతికకు పెంచాల్సిన పనేముంది?

ఇప్పుడు "ఒక్కరూ పొలిమేర దాటలేదు" దగ్గరికి వద్దాం. లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది, దానితోనే ప్లేగూ వచ్చిందంటారు. తడిసిన గుడ్డల్ని పొయ్యి దగ్గర ఆరేసిన పనివాడు జార్జి వికార్స్ 1665 సెప్టెంబరు 7న చనిపోయాడు. ఊరు కట్టడి చేసుకున్నది 1666 జూన్‌లో. మధ్యలో తొమ్మిది నెలలు దారులు తెరిచే ఉన్నాయి. స్తోమత ఉన్నవాళ్లు కొందరు వెళ్లిపోయారు. పాస్టరు విలియం మాంపెసన్ సైతం తన ఇద్దరు పిల్లల్ని యార్క్‌షైర్ పంపించేశాడు. దీన్ని తప్పుపట్టడం లేదు, ఏ తండ్రైనా అదే చేస్తాడు. కానీ జరిగింది దాచి, ఊరంతా ఒకే ప్రాణంగా నిలబడిందని రాయడం అబద్ధం.

"ఒక్క మాట అన్నాడు" అన్నదీ అంతే. మాంపెసన్ 1664లో వచ్చిన కొత్తవాడు, కుర్రవాడు. అంతకుముందున్న థామస్ స్టాన్లీ కొత్త ప్రార్థనా విధానానికి ఒప్పుకోనందుకు పదవి పోగొట్టుకున్నాడు. ఊళ్లో చాలామంది మనసు స్టాన్లీ వైపే. మతం విషయంలో ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ కలిసి నిలబడితేనే జనం ఒప్పుకున్నారు. మెసేజ్‌లో స్టాన్లీ పేరే లేదు.

ఒప్పుకున్నవి మూడు. శవాల్ని చర్చి దొడ్డికి మోసుకెళ్లకుండా ఎవరి ఇంటివాళ్లను వాళ్లే తమ దొడ్లలో, పొలాల్లో పూడ్చుకోవాలి. చర్చి మూసేసి కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయలో, ఆరుబయట, కుటుంబానికీ కుటుంబానికీ ఎడం ఉంచి ప్రార్థన చేయాలి. ఎవరూ ఊరు దాటకూడదు. ఈ మూడోది నిలవాలంటే తిండి కావాలి కదా! చాట్స్‌వర్త్ భవనంలో ఉండే డెవన్‌షైర్ ఎర్ల్ అనే ప్రభువు సరుకులు పంపాడు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తెచ్చిపెట్టారు. పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ వైపు దారిలో ఒక బండరాయి ఇప్పటికీ ఉంది. దాని మీద ఆరు గుంటలు. నాణేలకు అంటిన రోగం పోతుందని వాటిలో వెనిగర్ పోసి, నాణేలు అందులో వేసేవారు. ఊరికి ఉత్తరాన ఒక ఊట దగ్గర పారే నీళ్లలో డబ్బులు వదిలేవారు. అవతలివాళ్లు సరుకు పెట్టి, డబ్బు తీసుకుని వెళ్లేవారు. రొట్టె రాకపోతే వారంలో కట్టడి తెగిపోయేది. మెసేజ్ రాసినవాడికి ఆత్మబలం కనిపించింది, రొట్టెలు మోసిన చేతులు కనిపించలేదు.

కట్టడి గొప్ప పనే అన్న ఒక్క విషయంలో మాత్రం మెసేజ్ వైపే మొగ్గాలి. ప్లేగు ఎలుకల మీద ఉండే, రక్తం పీల్చే చిన్న పురుగుల (ఫ్లీల) వల్ల వస్తుంది కాబట్టి మనుషుల్ని కట్టడి చేయడం వృథా, పైగా వాళ్లను ఎలుకల మధ్య బంధించినట్టయిందని చాలామందిమి వాదిస్తూ వచ్చాం. 2016లో వచ్చిన ఒక గణిత విశ్లేషణ ఈమ్ చావుల తేదీల్ని, కుటుంబాల్ని పోల్చి చూసి, దాదాపు నాలుగింట మూడు వంతులు మనిషి నుంచి మనిషికే సోకి ఉంటాయని లెక్కగట్టింది. అలాగైతే ఆ కట్టడి పక్క ఊళ్లను నిజంగానే కాపాడి ఉండవచ్చు. ఈ మాట ఒప్పుకోవాల్సిందే.

జన్యువు ముక్క మాత్రం ప్రమాదకరం. దీన్ని వదిలిపెట్టను. డెల్టా 32 అనేది సీసీఆర్5 అనే జన్యువులో ఒక చిన్న తునక ఊడిపోయిన రూపం. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్, హెచ్ఐవీ మన కణంలోకి దూరడానికి వాడుకునే తలుపు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అలా వస్తే హెచ్ఐవీకి చాలా రకాలు లోపలికి రాలేవు. ఇంతవరకూ నిజం. ప్లేగు క్రిమికి ఆ తలుపుతో పని లేదు. ఆ జన్యువు లేని ఎలుకలకు ప్లేగు ఎక్కించి చూశారు, రక్షణ కనబడలేదు. ఈమ్ వారసుల్లో ఆ రూపం ఉంది, నిజమే. ఉత్తర ఐరోపా అంతటా సుమారు పదో వంతు ప్రతులు అలాంటివే, ప్లేగు ముఖం చూడని ఊళ్లలో కూడా. ఐరోపాను ప్లేగు ఊడ్చేయడానికి వేల ఏళ్ల ముందటి ఎముకల్లోనూ అది దొరికింది. "ఏ రోగమూ రాదు" అంటారా? దోమల ద్వారా వచ్చే వెస్ట్ నైల్ వైరస్ సోకితే, రెండు ప్రతులూ ఆ రూపంలో ఉన్నవాళ్లకే జబ్బు ముదిరే ముప్పు ఎక్కువ. పైగా మన దేశంలో అది దాదాపు కనిపించదు. మనకు లేనిదాన్ని చూపించి మనవాళ్లను మందులు మానమంటారా? సిగ్గుండాలి!

ప్లేగుకు మందుంది. వైద్యం లేకపోతే గడ్డల ప్లేగులో నూటికి 30 నుంచి 60 మంది చనిపోతారు. ఊపిరితిత్తులకు పాకితే దాదాపు అందరూ పోతారు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి వేళకు పడితే ఎక్కువమంది బతుకుతారు. ఊపిరితిత్తుల ప్లేగులో ఆ వేళ ఒక్క రోజే. ప్లేగున్న చోట ఉన్నట్టుండి జ్వరం వచ్చి, గజ్జలోనో చంకలోనో మెడ దగ్గరో ముట్టుకోనివ్వని గడ్డ లేస్తే ఆ గంటే ఆస్పత్రికి వెళ్లాలి.

ఎలిజబెత్ హాంకాక్‌కు అలాంటి ఆస్పత్రి లేదు. 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ ఒంటరిగా పొలంలో పూడ్చింది. ఆమె బతికింది. ఒక్క కుటుంబాన్ని చూసి జన్యుశాస్త్రం తేల్చలేం, నిజమే. కానీ ఆమెను జన్యువే కాపాడిందనేవాళ్లు, ఆమె జన్యువుల్లో సగం పంచుకున్న ఆ ఆరుగురి సంగతి కూడా చెప్పాలి. ఊరి బయట పచ్చికలో, గుండ్రటి రాతిగోడ లోపల, ఆ ఏడుగురి రాళ్లూ ఇప్పటికీ ఉన్నాయి.