డ్రమ్స్ లేని చోట క్లారినెట్

మెల్లగా సాగే జాజ్ అంటే ఏదో పని చేసుకుంటూ వెనకాల పెట్టుకునే సంగీతమని చాలామంది అభిప్రాయం. ఇటలీ క్లారినెట్ ఆల్బమ్‌ల విషయంలో ఈ ముద్ర మరీ అన్యాయం. పెరూజియా నగరానికి చెందిన ఏజియా లేబుల్‌పై 2000లో వచ్చిన ‘రక్కోంతి మెదితెర్రానెయి’నే తీసుకోండి. పియానో ఎన్రికో పియెరానున్‌జీ, బాస్ మార్క్ జాన్సన్, క్లారినెట్ గాబ్రియేలే మిరబాస్సీ. డ్రమ్స్ లేవు. వినడానికి హాయిగానే ఉంటుంది, వాయించేవాళ్లకు మాత్రం అది గట్టి పరీక్షే.

డ్రమ్మర్ ఉంటే చిన్నచిన్న తడబాట్లు సింబల్ మోతలో కలిసిపోతాయి. లేకపోతే లయ ముగ్గురి చెవుల్లోనే నడవాలి. ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో కూడా వినిపిస్తుంది. క్లారినెట్ విలువ ఇక్కడే తెలుస్తుంది. నిశ్శబ్దంలోంచి స్వరాన్ని పైకి తీయడం దానికి చేతనైనంతగా శాక్సోఫోన్‌కు చేతకాదు. మంద్రంలో ముదురుగా, వెచ్చగా పలుకుతుంది. పైస్థాయిలో కొంచెం గట్టిగా ఊదినా చెవిలో గుచ్చుకుంటుంది. మిరబాస్సీ ఈ రెండింటి మధ్య అతుకు తెలియనివ్వడు.

ఈ పద్ధతిని ఇటలీ కనిపెట్టలేదు. అమెరికాలో జిమ్మీ జుఫ్రీ 1961లోనే పియానో, బాస్, తన క్లారినెట్‌తో డ్రమ్స్ లేని ట్రయో (ముగ్గురి బృందం) నడిపాడు. అయితే అందులో పాట కంటే ప్రయోగం పాలు ఎక్కువ. ఇటాలియన్లు దాంట్లోకి పాటను తెచ్చారు. ఆ పాట చాలావరకు ఊరి బ్యాండు నుంచి వచ్చిందే. ఒపెరా (పాటలతోనే సాగే నాటకం) హాలు గడప తొక్కని జనం ఒపెరా స్వరకర్త వెర్ది బాణీలను కూడలిలో బ్యాండు వాయిస్తే విన్నారు. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు చేసే పని అక్కడ క్లారినెట్లు చేస్తాయి. మన పెళ్లి బ్యాండులో సినిమా పాట పల్లవి ఎత్తుకునే క్లారినెట్‌ది కూడా ఇంచుమించు అదే పాత్ర.

బెర్గామో దగ్గర నెంబ్రోలో 1944లో పుట్టిన జాన్‌లుయీజీ త్రొవేజీకి ఈ మూలం బాగా తెలుసు. ఒపెరా బాణీలను ఏకంగా ఒక బ్యాండుతో కలిసి వాయించి, 2008లో ‘ప్రొఫూమో ది వియొలెత్తా’ ఆల్బమ్‌గా తెచ్చాడు. నాకు ఎక్కువ నచ్చేది మాత్రం అకార్డియన్ వాద్యకారుడు జాన్నీ కోషాతో జంటగా చేసిన ‘ఇన్ చెర్కా ది చీబో’. ఉన్నది ఇద్దరే. పినోకియో టీవీ సీరియల్‌కు ఫియోరెంజో కార్పి కట్టిన బాణీలతో ఆడుకుంటారు. క్లారినెట్ వెక్కిరిస్తుంది, అకార్డియన్ దాన్ని బుజ్జగిస్తుంది. కోషా ఒకప్పుడు వకీలు కూడా, రచయిత ఉంబెర్తో ఎకోకు చిన్ననాటి స్నేహితుడు. ఆల్బమ్‌కు పరిచయం రాసింది ఎకోనే.

ఈ చిలిపితనం పియెరానున్‌జీ దగ్గర తక్కువ. అందుకే ‘రక్కోంతి’ని ఆగకుండా వింటే తీపి కాస్త ఎక్కువైనట్టు అనిపిస్తుంది. ఒక్క మొరటు స్వరమైనా పడితే బాగుండుననిపిస్తుంది. త్రొవేజీ, కోషా జంటతో ఆ ఇబ్బంది లేదు. ఎకో 2016లో పోయాక, 2019లో ఆయన నవల పేరు కలిసొచ్చేలా ‘లా మిస్తెరియోజా మూజికా దెల్లా రెజీనా లోవానా’ తెచ్చారు. అప్పటికి కోషాకు 80 దాటి ఎన్నో ఏళ్లయింది. ఈ ఆల్బమ్‌లను కొత్తగా వినేవారు పియెరానున్‌జీతో కాకుండా ఈ ఇద్దరితో మొదలుపెట్టడమే మంచిది.