ఎడమ డోరు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ మారుతి 800 ఎడమ వైపు ముందు డోరు గారి దివ్య సముఖమునకు, ఐటీఐలో కార్ల సొట్టలు తీసే మెకానిక్ ఆటో బాడీ రిపేర్ ట్రేడు విద్యార్థి, ప్లాటు నంబరు పదమూడు, నమస్కరించి వ్రాయునది.

ఉభయ కుశలోపరి. మీ క్షేమం నిన్న సాయంత్రం నాలుగున్నరకి కళ్లారా చూశాను. నా క్షేమం సంగతి అయస్కాంతం చెప్పేసింది. ఇంక రాయడానికేముందని మీరనుకోవచ్చు. రాత్రి నిద్ర పట్టలేదండీ. నిద్ర పట్టనివాడు ఏదో ఒకటి చేస్తాడు కదా. నేను ఉత్తరం మొదలుపెట్టాను.

నిన్న ప్రాక్టికల్ పరీక్ష. తొమ్మిదింటికి రమ్మంటే ఇరవై మందిమీ ఎనిమిదిన్నరకే వచ్చేశాం, ఇస్త్రీ మడత నలగని బాయిలర్ సూట్లతో. ఎగ్జామినర్ గారు రెండున్నరకి వచ్చారు. ఆయన తప్పు లేదులెండి, ముందు ఇంకో ఐటీఐలో డ్యూటీ పడిందట. ఆ ఆరు గంటలూ స్టాండు మీద మీరు, బెంచీల మీద మేము. పెళ్లిచూపుల్లో కట్నం మాట ఎవరు ముందు ఎత్తుతారా అని రెండు వైపులవాళ్లూ నేల చూపులు చూస్తుంటారే, అలా కూర్చున్నాం.

ఇంతకీ ఇరవై మందికి మీరు ఒక్కరే. మామూలు రోజుల్లో వంతులేసుకుని కొట్టుకునేవాళ్లం, ఎలాగో గడిచింది. పరీక్షంటే అలా కుదరదు, ఎవరి పని వాళ్లకి విడిగా కనపడాలి. మా సార్ ఆలోచించి ఆలోచించి చాక్‌పీసు తీశారు. అడ్డం ఐదు, నిలువు నాలుగు. మీ మీద ఇరవై గళ్లు గీసి నంబర్లు వేశారు. అమరావతి వైపు కొత్త వెంచర్ వేసినట్టుంది చూడ్డానికి. తలా జానెడు ప్లాటు. నాకు పదమూడోది, హ్యాండిల్‌కి కాస్త కింద, తూర్పు ముఖం. ఐదో నంబరువాడికి ఈశాన్యం మూల కార్నర్ బిట్ పడింది, వాడి అదృష్టం. నలుగురు నలుగురు చొప్పున రావాలి, ఒక్కో జట్టుకి అరగంట. చిన్న సొట్ట చేసి, దాన్ని తీసి, చదును చేసి చూపించాలి.

గీతలైతే గీశారు గానీ రేకుకి సరిహద్దులు తెలియవు కదండీ. పద్నాలుగో ప్లాటువాడు తన పల్లం లేపుకుందామని వెనక డాలీ అనే ఇనప దిమ్మ ఆనించి ముందు నుంచి నాలుగు దెబ్బలు వేశాడు. నా ప్లాటులో గుట్ట లేచింది. నేను దాన్ని చెక్క సుత్తితో నెమ్మదిగా అణిచాను. అంతే, పైనున్న ఎనిమిదో ప్లాటు బుస్సున పొంగింది. ఎనిమిదో ప్లాటు పరీక్ష గంట క్రితమే అయిపోయింది. దాని యజమాని బయట టీ కొట్టు దగ్గర, బాగా చేశానని ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటున్నాడు. వాడి మార్కులు వాడి కాగితం మీద భద్రంగానే ఉన్నాయనుకోండి, పని మాత్రం నా సుత్తికి బలైపోయింది. తమ్ముడూ, ఇది నీ కంటపడితే క్షమించు.

అప్పుడొచ్చారు ఎగ్జామినర్ గారు, జేబులోంచి చిన్న అయస్కాంతం తీస్తూ. పాత కార్లు కొనేవాళ్లు వాడే కిటుకే అది. రేకైతే పట్టుకుంటుంది, పైన లప్పం దట్టంగా ఉంటే జారిపోతుంది. నా ప్లాటు మీద పెట్టారు, టంగుమని కింద పడింది. తీసి మళ్లీ పెట్టారు, మళ్లీ పడింది. మూడోసారి పెట్టలేదు. నా వంక చూసి అడిగారు.

"ఇందులో రేకెక్కడుంది నాయనా?"

ఈ ప్రశ్న నన్నడగడం న్యాయమా? మీరే చెప్పండి. ఏడాది నుంచీ మీ రేకు కోసం నేనూ వెతుకుతున్నాను.

లప్పం మూడు మిల్లీమీటర్లు మించకూడదని సార్ చెప్తే రికార్డులో రాసుకుని, కింద స్కేలు పెట్టి ఎర్ర గీత కొట్టుకున్నవాణ్ని. రేకు సాగితే దాన్ని గ్యాస్‌తో చుక్కలా ఎర్రగా కాల్చి, తడిగుడ్డ అద్ది ముడుచుకునేలా చేయాలని కూడా రాసుకున్నాను. కాల్చడానికి గ్యాస్ లేదు. సిలిండర్లు రెండూ మేము చేరేనాటికే ఖాళీ, వాటి మీద మేము టిఫిన్ బాక్సులు పెట్టుకుంటాం. మరి మీ గతేమవుతుంది? పొద్దున ఒకడు సొట్ట చేస్తాడు, సాయంత్రం ఇంకొకడు తీస్తాడు. దెబ్బ పడ్డప్పుడల్లా రేకు పల్చబడి సాగుతుంది. సాగిన రేకు వేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా టుక్కుమని లోపలికి పోతుంది, వదిలితే టక్కుమని బయటికొస్తుంది. అది ఎవరికీ కనపడకూడదు కాబట్టి పైన లప్పం. మర్నాడు దాని మీద ఇంకో సొట్ట, ఇంకో లప్పం. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు మీరు మిల్లీమీటరు కూడా లేని నాజూకు మనిషి. ఇప్పుడు మిమ్మల్ని స్టాండు మీదికి ఎత్తాలంటే నలుగురం కావాలి.

మిమ్మల్ని మార్చమని మేము అడగలేదనుకునేరు. అడిగాం, దసరా సెలవుల తర్వాత. మార్చడానికి బడ్జెట్ లేదన్నారు. సరే, ఇరవై మందిమీ తలో వంద వేసుకున్నాం. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మా బాబాయి టింకరింగ్ మేస్త్రీ. ఆయన పాత సామాన్ల షాపువాడితో మాట్లాడితే మీలాంటిదే ఎడమ డోరు దొరికింది, కాస్త తుప్పుంది గానీ అచ్చమైన రేకు. ఆటోలో అడ్డంగా వేసుకుని గేటు దాకా తెచ్చాం. గేటు దగ్గర ఆపేశారు. బిల్లు లేని సామాను లోపలికి రాకూడదట. బిల్లు తెస్తామన్నాం. బిల్లుంటే కొన్నదెవరో చెప్పాలి, స్టాకులో ఎక్కించాలి, స్టూడెంట్లు కొన్న సామాను స్టాకులో ఎక్కించే కాలమ్ లేదు. పోనీ ఎక్కించకుండా ఓ మూల పెట్టుకుంటామన్నాం. ఎక్కించని సామాను ఆడిట్ రోజున కనపడితే ఎవరు సమాధానం చెప్తారు?

అసలు అడ్డం పడింది మీరేనని ఆ తర్వాత తెలిసింది. సామాన్ల లెక్క రాసే డెడ్ స్టాక్ రిజిస్టర్‌లో మీ పేరు పక్కన "మంచి కండిషన్" అని ఉంది. మంచి కండిషన్‌లో ఒక డోరుండగా ఇంకో డోరెందుకు? మిమ్మల్ని తీసేయాలంటే ముందు కండెమ్ చేయాలి, అంటే పనికిరారని కాగితం మీద తేల్చాలి, కండెమ్ చేయాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి. ముగ్గురిలో ఒకరు రిటైరయ్యారు, ఒకరికి బదిలీ అయింది. మూడో ఆయన పాపం రోజూ కూర్చునే ఉంటారు, కానీ ఆయనొక్కరు కూర్చుంటే దాన్ని కమిటీ అనరట.

మిగతా విషయాలు చెప్పి మీ విలువైన సమయం వృథా చేయను. పెయింట్ బూత్‌కి ప్రారంభోత్సవం రోజు కట్టిన రిబ్బను ముక్క ఇంకా గొళ్లేనికి వేలాడుతోంది. త్రీ ఫేజ్ కరెంటు రాలేదు కాబట్టి అందులో దుమ్ము పడదు, అందుకని ఆఫీసు ఫైళ్లు పెట్టారు. సీఓటూ వెల్డింగ్ మిషన్‌కి చుట్టిన ప్లాస్టిక్ కవరు తీస్తే వారంటీ పోతుందని ఒక నమ్మకం. వేలిముద్ర మిషన్ మా వేళ్లని గుర్తుపట్టదు. ఎనభై నంబరు ఎమెరీ పేపరు రోజూ రుద్దుతుంటే వేలి గీతలు ఎక్కడుంటాయి? పని చేసినవాడికి ఆబ్సెంటు, చెట్టు కింద కూర్చున్నవాడికి ప్రెజెంటు. ఎంప్లాయబిలిటీ స్కిల్స్ క్లాసులో, దేశదేశాల కుర్రాళ్లు చేతిపనుల్లో పోటీపడే వరల్డ్‌స్కిల్స్ పోటీల వీడియో చూపించారు, 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగినవి. అందులో ఆటోబాడీ రిపేర్ ఒక విభాగం. అంత పెద్ద హాల్లో ఎవరి బండి వాళ్లకే! వెనక బెంచీలోంచి ఎవడో, "సార్, వాళ్లు ప్లాట్లు వేసుకోరా?" అన్నాడు. అప్పటికి పరీక్ష ప్లాట్లు ఇంకా వేయలేదు, బానెట్‌ని నాలుగు భాగాలు చేసిన రోజులు అవి. ఆ బానెట్ గారు తర్వాత స్వర్గస్థులయ్యారు.

సరే, మళ్లీ నీ దగ్గరికే వస్తాను.

నిన్ను తిట్టి లాభం లేదని తెలుసు, నువ్వు రేకు ముక్కవి. కానీ తిట్టడానికి నాకు ఇంకెవరు దొరుకుతారు? సార్‌ని తిడదామంటే ఆయనా కాంట్రాక్టు మనిషే, నిన్న చాక్‌పీసుతో గళ్లు గీస్తున్నప్పుడు మా మొహాలు చూడలేకపోయాడు. మా బ్యాచ్‌లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాల ప్యాకెట్లు వేసి వచ్చేవాడున్నాడు. నూజివీడు అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడున్నాడు. ఇంటరు చదివించే స్తోమత లేక, పని నేర్చుకుంటే చాలని పంపినవాళ్లే అందరి అమ్మానాన్నలూ. ఏడాది కోర్సురా ఇది. ఒక్కటంటే ఒక్క డోరు కావాలి, అది మేమే కొనితెచ్చాం, గేటు దగ్గర నిలబెట్టి వెనక్కి పంపారు! 2014 జనవరిలో తయారీయే ఆపేసిన బండికి డోరువి నువ్వు. ఇప్పుడొచ్చే బండ్లలో కొన్ని భాగాలకి గట్టి స్టీలు వాడుతున్నారు, దాన్ని కాలిస్తే బలం పోతుంది, బంపరు వెనక సెన్సర్లుంటాయి. అవన్నీ పుస్తకంలో చదివాం. రేపు ఏదో షోరూం బాడీషాపులో, ఎవరో అప్పు చేసి కొనుక్కున్న బండి ముందు నిలబెట్టి, "తియ్ సొట్ట" అంటే మా చేతులకి తెలిసిందేమిటి? లప్పం పెట్టడం. రేకెక్కడుందని మమ్మల్నడిగారు. స్టోర్ రూములో అడగాలి, రిజిస్టర్‌లో "మంచి కండిషన్" అని రాసిన చేతిని అడగాలి. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లని అడిగారు.

గేటు దగ్గర ఆపేసిన ఆ డోరు మా బాబాయి షెడ్డులోనే ఉంది. ఆదివారాలు వెళ్లి దాని మీద పని చేస్తున్నాను. మొదటి రోజు కళ్లు చిట్లించి సొట్ట ఎక్కడా అని చూస్తుంటే బాబాయి నా తల పక్కకి తోసేశాడు. "చూడకురా, తడుము" అన్నాడు. ఒక పాత బనీను ముక్క రేకు మీద పరిచి, దాని మీద అరచెయ్యి పొడుగునా పెట్టి, ముందుకీ వెనక్కీ తిప్పమన్నాడు. గుడ్డ ఉంటే చెయ్యి జారుతుంది, చెమట అడ్డం రాదు. ఎత్తు ఎక్కడుందో పల్లం ఎక్కడుందో అరచేతికే తెలిసింది, కంటికి అస్సలు కనపడనిది. పల్లం చుట్టూ లేచిన గట్టుని ముందు దించాలి, నేరుగా పల్లం మీదికి పోకూడదు. గట్టు దిగుతుంటే పల్లం దానంతటదే సగం లేస్తుంది. మూడు ఆదివారాలు పట్టింది నాకు. ఆ రోజు లప్పం గోరు మందం కూడా పట్టలేదు. బాబాయి మెచ్చుకునే రకం కాదు. టీ తెప్పించాడు.

నిన్న మీ మీద కూడా అలాగే తడిమాను. (కోపం దిగింది, మళ్లీ మీరే.) ఎగ్జామినర్ గారు లప్పం చెక్కి రేకు చూపించమన్నారు. ఉలి ఆనించి చిన్న దెబ్బ వేశాను, పాత గోడ సున్నం ఊడినట్టు పెళ్ల ఊడి వచ్చింది, బొటనవేలంత మందం. దాని అంచు చూడాలి మీరు! బూడిద రంగు, ఎర్ర ప్రైమరు, తెలుపు, మళ్లీ బూడిద, ఎవడో సరదాపడి కొట్టిన నీలం, పైన మా బ్యాచ్ పసుపు లప్పం. నాగార్జునకొండ తవ్వకాల్లో పొరలు ఇలాగే లెక్కపెట్టి ఉంటారు. ఆ పొరలన్నిటి కింద దొరికారు మీరు. నిజంగా రేకే, తుప్పు పట్టి, అక్కడక్కడా మెరుస్తూ. దాని మీద ఎవరో ఏ బ్యాచ్‌లోనో స్క్రైబర్‌తో గీకి రాసిన అక్షరాలున్నాయి.

"ఇకడ కొటకు. చిలు ఉంది."

ఉంది. చిటికెన వేలు పట్టేంత చిల్లు. నేను సుత్తి ఎత్తబోయిన చోటుకి సరిగ్గా అంగుళం పక్కన.

ఎగ్జామినర్ గారు వంగి చదివారు. మా సార్ చదివారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎగ్జామినర్ గారు అయస్కాంతం ఆ తుప్పు రేకుకి పెట్టారు, ఈసారి పట్టుకుంది. దాన్ని తీసి జేబులో వేసుకుని, "పది నిమిషాలుంది, పూడ్చెయ్" అని పదహారో ప్లాటు వైపు వెళ్లిపోయారు. మార్కులెన్ని వేశారో తెలియదు.

పూడ్చేముందు టూల్‌బాక్సులోంచి స్క్రైబర్ తీసి, ఒత్తులు పెట్టాను. క కింద క, ట కింద ట, ల కింద ల. తర్వాతే లప్పం పెట్టాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్లాటు నం. 13

తా.క.: టైం లేక, లప్పం గట్టిపడడానికి వేసే హార్డెనర్ కొలత చూడకుండా కలిపేశాను. ఎక్కువే పడి ఉంటుంది, ఏడాది తిరక్కుండా పగులుతుంది. పగిలిన చోట గోరుతో గీకి చూడమని జూనియర్లతో చెప్పే ఉంచాను.