పిల్లల ఎదుగుదల నమోదు: పైకి వెళ్లే లెక్క, కిందికి రాని సమాచారం

నల్లగొండ జిల్లాలోనైనా పాలమూరులోనైనా ఏ అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్లినా ప్రతి నెలా తప్పక జరిగే పని పిల్లల బరువులు తూయడం, ఎత్తు కొలవడం. టీచర్ ఆ అంకెలను ఫోన్‌లోని పోషణ్ ట్రాకర్ అనే కేంద్ర ప్రభుత్వ యాప్‌లో ఎక్కిస్తుంది. పిల్లవాడు సక్రమంగా ఎదుగుతున్నాడా, లోపపోషణలో ఉన్నాడా అన్నది యాప్ లెక్కగట్టి చెబుతుంది. 2021 మార్చిలో మొదలైన ఈ యాప్ వల్ల మారుమూల తండాలో తూచిన బరువు అదే రోజు ఢిల్లీ అధికారికి కనిపిస్తుంది. కానీ అదే కేంద్రంలో నాలుగేళ్ల పిల్ల పూర్తి వాక్యం మాట్లాడుతోందా, తోటి పిల్లలతో కలిసి ఆడుతోందా, చెప్పిన కథలో తర్వాత ఏం జరిగిందో గుర్తుంచుకుంటోందా అని అడిగితే, జవాబు టీచర్ మనసులో ఉంటుందే గానీ చాలా చోట్ల ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఆమె సెలవు పెడితే, బదిలీ అయితే, ఆ జవాబు కూడా ఆమెతోపాటే వెళ్లిపోతుంది.

బరువు తూయడాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం) మొదలైన నాటి నుంచి ఆకలి బారిన పడిన పిల్లలను గుర్తించింది ఈ కొలతలే. దండచుట్టు కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే అది తీవ్ర లోపపోషణ అని, ఆ బిడ్డను వెంటనే డాక్టర్‌కు చూపించాలని పల్లెలోని టీచర్‌కు కూడా తెలిసిందంటే అది ఈ వ్యవస్థ సాధించిన విజయమే. చిక్కు ఎక్కడంటే, కొలవడానికి వీలైన దాన్నే ఎదుగుదల అనుకోవడం మనకు అలవాటైపోయింది. బరువు సక్రమంగా ఉన్న బిడ్డకు చెవులు సరిగా వినపడకపోవచ్చు. యాప్ లెక్కలో ఆ బిడ్డకు ఏ లోటూ ఉండదు.

మాట విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. మూడేళ్లు నిండినా పిల్లవాడికి మాటలు రాకపోతే మన ఇళ్లలో పెద్దలు చెప్పే మాట ఒకటే: "వాళ్ల నాయనకు కూడా ఆలస్యంగానే వచ్చినయ్, ఏం కాదు." ఇందులో కొంత నిజం లేకపోలేదు. నడకనే చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్న పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆసరా లేకుండా నడవడం కొందరికి 8 నెలలు దాటగానే వస్తే, కొందరికి 17 నెలలు దాటాక వస్తుంది. వ్యవధి అంత విశాలంగా ఉన్నప్పుడు ఒక రోజు చూసి ఒక గడిలో పెట్టిన టిక్కు మార్కు తీర్పు కాలేదు. అయితే ఆ వ్యవధికి కూడా ఒక చివర ఉంటుంది. అది దాటాక కూడా ఎదురుచూడటం ఓపిక కాదు, నిర్లక్ష్యం. చెవి కారడాన్ని మామూలు జబ్బుగా వదిలేసే ఊళ్లలో, మాట రాకపోవడానికి కారణం వినికిడే కావచ్చునన్న అనుమానం ముందుగా రావాల్సింది టీచర్‌కు. వెనుక నుంచి పిలిస్తే తిరుగుతున్నాడా, మొహం చూస్తేనే అర్థం చేసుకుంటున్నాడా అన్నది పదిహేను రోజులు గమనించి రాసి పెడితే, ఆ నాలుగు ముక్కలే డాక్టర్‌కు ఎంతో పనికొస్తాయి.

దక్షిణ తెలంగాణలో ఈ గమనింపును మరింత కష్టం చేసేది ఇంటి భాష. దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో పిల్లలకు మొదట వచ్చేది లంబాడీ. నారాయణపేట వైపు సరిహద్దు ఊళ్లలో కన్నడం, మహబూబ్‌నగర్ పట్టణ బస్తీల్లో ఉర్దూ. ఈ పిల్లలను తెలుగులో ప్రశ్నలు అడిగి, జవాబు రాలేదని వెనుకబడిన వారి జాబితాలో రాస్తే అది కొలత కాదు, అన్యాయం. దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. "తండా పిల్ల కదా, భాష రాదు" అని సరిపెట్టుకుని నిజంగా సాయం కావలసిన బిడ్డను ఏళ్ల తరబడి వదిలేయడం. రెండు పొరపాట్లకూ విరుగుడు ఒకటే. ఇంట్లో ఆ బిడ్డ ఎలా మాట్లాడుతుందో తల్లిని అడగాలి, ఆమె చెప్పింది రాసుకోవాలి. ఇందుకు యాప్ అక్కరలేదు, తండాకు చెందిన ఆయా ఉంటే చాలు.

వైద్య పరీక్షలు ఉన్నాయి కదా అనవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో జాప్యాలు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మంచి పథకమే. కానీ కొత్త మనిషిని చూసి కొంగు చాటుకు దాక్కునే పిల్ల, ఆ కొద్ది నిమిషాల్లో ఏం మాట్లాడుతుంది? రోజూ చూసే టీచర్ రాసిన కాగితం ఆ బృందం చేతిలో ఉంటేనే పరీక్షకు అర్థం ఉంటుంది. ఆ తర్వాత జిల్లా కేంద్రంలోని ఆస్పత్రికి పొమ్మంటారు. అచ్చంపేట అవతలి చెంచు పెంటల (అడవిలోని గూడేల) నుంచి నాగర్‌కర్నూల్‌కు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. ఎందరిని పంపామన్నది లెక్క అవుతోంది. ఎందరు వెళ్లారు, ఎందరికి మేలు జరిగింది అన్నదానిపై అంత శ్రద్ధ కనిపించదు.

పాలమూరుకు సంబంధించి ఇంకొకటి ఉంది. పనులు లేని కాలంలో తల్లిదండ్రులు ముంబయికో, పుణెకో, హైదరాబాద్ శివార్లలోని ఇటుక బట్టీలకో పోతే చిన్నపిల్లలు కూడా వారితోనే పోతారు. నడక, మాట, ఆట కుదురుకునే ఏళ్లలోనే ఆ పిల్లల నమోదుకు నెలల తరబడి గండి పడుతుంది. తిరిగొచ్చాక బరువు మళ్లీ తూస్తారు, మిగతాది ఎవరూ అడగరు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో నెలల వారీగా ఎదుగుదల మైలురాళ్లు బొమ్మలతో సహా అచ్చయి ఉన్నాయి. ఆ కార్డు తల్లి సంచిలో ఎక్కడికైనా వెళుతుంది. అయినా అందులో టీకాల పేజీకి దక్కే శ్రద్ధ ఆ బొమ్మల పేజీకి దక్కదు.

ఊళ్లలో పసుపు వ్యాన్లు ఎక్కి ప్రైవేటు నర్సరీలకు పోయే పిల్లల పరిస్థితి వేరు. అక్కడ నమోదుకు కొదవ లేదు, ప్రోగ్రెస్ కార్డు నిండా గ్రేడ్లే. అయితే అవి చెప్పేది మూడున్నరేళ్ల బిడ్డ ఎన్ని అక్షరాలు దిద్దిందనే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పరీక్షలు పూర్తిగా అనుచితమని 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం స్పష్టంగా చెప్పింది. గమనించడం, పిల్లలు చేసిన పనిని భద్రపరచడం, వాటి ఆధారంగా అంచనా వేయడం అది సూచించిన దారి. కూలి చేసి ఫీజు కట్టే తల్లికి ఎ ప్లస్ కనిపిస్తే సంతోషం కలగడం సహజమే. ఆ సంతోషాన్ని అమ్ముకోవడంపైనే నాకు అభ్యంతరం.

మరింత నమోదు చేస్తే సరిపోతుందా అంటే, ఇంగ్లండ్ అనుభవం చూడాలి. అక్కడ రెండు, మూడేళ్ల మధ్య ప్రతి బిడ్డ పురోగతిని సమీక్షించి తల్లిదండ్రులకు రాతపూర్వకంగా ఇవ్వాలన్నది నిబంధన. అయిదేళ్లు నిండే విద్యా సంవత్సరం చివర 17 లక్ష్యాల మీద అంచనా వేస్తారు. ఆధారాల పేరుతో ఫొటోలు, చీటీలు, ఫైళ్లు పేరుకుపోయి టీచర్లు పిల్లలతో గడపాల్సిన సమయం కాగితాలకే పోతోందన్న విమర్శ బలపడింది. చివరకు 2021 సెప్టెంబరు నుంచి అమలైన సవరణల్లో ఆ భారాన్ని తగ్గించడాన్నే ఒక లక్ష్యంగా పెట్టుకున్నారు. మన టీచర్ ఇప్పటికే గుడ్ల లెక్క, పసిపిల్లలకిచ్చే బాలామృతం పిండి లెక్క, సర్వేలు, ఓటర్ల జాబితా పనులు మోస్తోంది. 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు కూడా ఆమె పనే. ఆమె ఫోన్‌లో మరో నలభై గడులు చేరిస్తే, చూడకుండానే టిక్కులు పడతాయి. అందుకు ఆమెను తప్పుపట్టలేం.

రోజుకు ఇద్దరు పిల్లల మీద కాస్త ఎక్కువ దృష్టి పెడితే, ఇరవై మంది ఉన్న కేంద్రంలో రెండు వారాల్లో అందరినీ చూసినట్టవుతుంది. ఒక్కొక్కరి గురించి మూడు వాక్యాలు చాలు. ఇప్పుడేం చేయగలుగుతోంది, దేనికి తడబడుతోంది, వచ్చే వారం తనతో ఏం చేయించాలి. మూడో వాక్యం లేని నమోదు దండగ. చుట్టుపక్కల కేంద్రాల టీచర్లు కలిసే సెక్టార్ మీటింగ్‌లో సూపర్‌వైజర్ అంకెల మీద పెట్టే సమయంలో కొంత మిగిల్చి, ఒకరిద్దరు పిల్లల గురించి టీచర్లందరూ కలిసి మాట్లాడుకునేలా చేస్తే అంతకు మించిన శిక్షణ ఉండదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు లాంటి ఫ్లోరైడ్ మండలాల్లో కాళ్ల వంపు, నడక తీరు, పళ్ల మచ్చలు కూడా ఆ కాగితంలో ఉండాలి. మిషన్ భగీరథ తాగునీళ్లు వచ్చాక పరిస్థితి మారినా, గమనించడం మానే వేళ ఇంకా రాలేదు. కాళ్ల వంపుకు కారణం ఫ్లోరైడా, విటమిన్ డి లోపమా అన్నది తేల్చాల్సింది డాక్టర్.

ఇలాంటి వాక్యాలను జిల్లా స్థాయిలో కూడి లెక్క చూపలేమని అధికారులు అనవచ్చు. నిజమే, కూడలేం. ఆస్పత్రికి పంపిన పిల్లల్లో ఎందరికి చికిత్స అందిందో మాత్రం కూడవచ్చు, ఆ ఒక్క అంకె పైకి వెళ్తే చాలు. మిగతాది కిందే ఉండాలి, మొదట తల్లికీ ఆ తర్వాత ఒకటో తరగతి పంతులుకూ చేరాలి. ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు బడికి అలవాటు చేసే మూడు నెలల విద్యా ప్రవేశ్ కార్యక్రమం నడపాలని చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ పథకం చెబుతోంది. అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల ఒకే ఆవరణలో ఉన్న ఊళ్లలో సైతం, మూడేళ్లు ఆ పిల్లలను చూసిన టీచర్ నుంచి జూన్ నెలలో పక్క గదికి వెళ్లేది పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు మాత్రమే.