తెర ఎత్తిన తాత

జీబ్రాచేప గుడ్లు పెట్టాలంటే తెల్లారాలి. మనకు కాదు, దానికి. దాని రోజును మేమే కొలిచి ఇస్తాం: 14 గంటలు పగలు, 10 గంటలు రాత్రి. హైదరాబాద్‌లోని మా ల్యాబులో టైమర్ పుణ్యమా అని ఉదయం 8 గంటలకు సూర్యోదయం. నీళ్లు 28.5 డిగ్రీల దగ్గర ఉండాలి. మా హాస్టల్లో గీజర్ ఎప్పుడు వేడెక్కుతుందో దేవుడికే తెలుసు గానీ, చేపల గదిలో డిగ్రీ అటూ ఇటూ అయితే అలారం మోగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర దారుల్లో పొలాల పక్క నీళ్లలో తిరిగే వేలెడంత లేని చేప ఇది. జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఆరెగాన్‌లో దీన్ని చేరదీసి 1981లో ‘నేచర్’ సైన్సు పత్రికకు ఎక్కించాడు. విదేశాల్లో పేరు తెచ్చుకుని తిరిగొచ్చాక ఆ మాత్రం మర్యాద అడగదా మరి!

గుడ్లు కావాలంటే ముందురోజు సాయంత్రమే చిన్న డబ్బాలో ఆడదాన్ని ఇటు, మగదాన్ని అటు వేసి మధ్యలో డివైడర్ పెడతాం. డబ్బా అడుగు చిల్లులది. ఎందుకంటే ఈ దంపతులు తాము పెట్టిన గుడ్లను తామే మింగేస్తారు; చిల్లుల్లోంచి కింది అరలోకి జారినవే మనకు దక్కుతాయి. పొద్దున డివైడర్ తీస్తే ఇక ఆలస్యం ఉండదు. తొందరంతా మాదే. గుడ్డు ఒకే కణంగా ఉండేది సుమారు 45 నిమిషాలు. జన్యువులను మార్చే ఇంజెక్షన్ ఆలోపే పడాలి. అందుకే డివైడర్లన్నీ ఒకేసారి ఎత్తం. ఒక జంట గుడ్లకు సూదులు పూర్తయ్యాకే ఇంకో జంటది తీస్తాం.

ఆరోజు జన్యువులను కత్తిరించే క్రిస్పర్ ఇంజెక్షన్లు. సీనియర్ అక్క సన్నటి గాజు సూదులు ముందే లాగి పెట్టుకుంది. సార్ కూడా స్వయంగా వచ్చారు, అదే మాకు మొదటి అపశకునం. తొమ్మిదిన్నరకు గదిలోకి వెళితే డివైడర్లన్నీ సింకు పక్కన కడిగి, తుడిచి, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. డబ్బాల్లో జంటలు హాయిగా ఈదుతున్నాయి. కింద గుడ్లు రాశులు పోసినట్టున్నాయి.

అక్క మైక్రోస్కోపులోకి చూసి “నాలుగు” అంది. తర్వాతి డబ్బా గుడ్లు చూసి “ఎనిమిది” అంది. ఆ తర్వాతవి పదహారు. కణాలు పావుగంటకోసారి రెట్టింపవుతుంటే సార్ మొహం మాత్రం ఒకటి దగ్గరే ఆగిపోయింది.

కరెంటు పోయిందా, టైమర్ చెడిందా అని విచారణ సాగుతుండగా, రిలీవర్ రాక ఇంకా ఇంటికి పోని నైట్ వాచ్‌మన్ తాత తలుపులోంచి తొంగి చూశాడు.

“నేనే తీసిన బిడ్డా. లైట్లు పడంగనే చూసిన. ఆడిది ఈ పక్క, మొగది ఆ పక్క, అద్దానికి మూతులు ఆనిచ్చి కొట్టుకుంటున్నయి. పెండ్లిల తెరసెల్ల గూడ గింతసేపు పట్టరు గదా!”

“ఆ తెర కావాలనే పెట్టాం తాతా” అంది అక్క.

“పెడితే పెట్టిన్రు. రాత్రంతనా?”

దీనికి సార్ దగ్గర కూడా జవాబు లేదు. ఐసులో ఉన్న ఇంజెక్షన్ మిశ్రమాన్ని మళ్లీ ఫ్రీజర్లో పెట్టమని చెప్పి, టీ తాగడానికి వెళ్లిపోయారు.

పుట్టినవాటిని పారేయలేం కదా. పెట్రీ డిష్‌కు 50 చొప్పున గుడ్లు పంచి, బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్లు పోసి, తెల్లబడి చచ్చినవాటిని పిపెట్‌తో ఏరుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. మర్నాడు సాయంత్రం డ్యూటీకి వస్తూనే తాత “మన పిల్లలెట్లున్నరు?” అన్నాడు. మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టాం. ముందు రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఏమీ కనబడట్లేదన్నాడు. తెరిచాక, గుడ్డులోపల తోక విదిలిస్తున్న పిల్ల, దాని టపటపలాడే గుండె కనిపించాయి. ఇక స్టూలు వదల్లేదు. ఎల్లుండికి గుడ్డు పగిలి బయటికొస్తాయని చెబితే, ఎల్లుండి తన వారపు సెలవు రద్దు చేసుకుంటానన్నాడు.

“మరి తల్లిదండ్రులకు సూపెట్టిన్రా?”

చూపిస్తే తినేస్తాయని అక్క చెప్పింది. తాత లేచి రాక్ దగ్గరికి నడిచి, ఆ జంటలను ఎగాదిగా చూశాడు. “గీళ్లనా నేను కలిపింది!”

సార్ తలుపుకు ఇంగ్లీషులో ఎర్రక్షరాల నోటీసు అంటించారు. తాతకు ఇంగ్లీషు రాదు. అక్క దానికిందే తెలుగులో ఒక కాగితం అంటించింది: ‘ముహూర్తం ఉదయం 9.30. అప్పటిదాకా తెర తీయరాదు.’

తర్వాతి ఇంజెక్షన్ల రోజు సార్‌కు పదింటికి మీటింగు. తొమ్మిది దాటగానే గదిలోకొచ్చి మొదటి డబ్బా డివైడర్ మీద చేయి వేశారు. డ్యూటీ అయిపోయినా కదలకుండా స్టూలు మీద కూర్చున్న తాత గబుక్కున లేచాడు.

“ఆగుండ్రి సారూ.”

“నేను అమెరికాలో నాలుగేళ్లు ఈ చేపలతోనే పనిచేశాను తాతా.”

“చేస్తే చేసిన్రు, కూసోండ్రి. ఇంక ఇర్వై నిమిషాలున్నది.”