మెషీన్‌కి కాస్త గోదారి మర్యాద నేర్పాలండీ

ఏఐ బొమ్మల్లో నైతికత ఉండాలి, అందరినీ కలుపుకుపోవాలి అని పెద్దలు గట్టిగా చెబుతుంటే నాకు మెషీన్ మీద జాలేస్తోంది. 2022లో వచ్చిన లయాన్-5బీ అనే, మెషీన్‌కి పాఠాలు చెప్పే ఒక్క డేటాసెట్‌లోనే 585 కోట్ల బొమ్మల లింకులు, వాటి కింది రాతలతో సహా ఉన్నాయి. బొమ్మలు గీసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్‌కి అక్షరాభ్యాసం అందులోనే జరిగింది. పేరున్నవాడా లేనివాడా అని చూడకుండా నెట్‌లో దొరికిందల్లా ఏరారు. ఇంతకన్నా కలుపుకుపోవడం ఏముంటుంది? కాకపోతే పిలుపు దగ్గర చిన్న లోటు జరిగింది. మా కోనసీమలో బొట్టు పెట్టి చెప్పకపోతే పక్కింటి పెళ్లి భోజనానికి కూడా కదలరు. వీళ్లు పిలవకపోగా మన వంటింట్లో కూర పట్టుకెళ్లి మనకే ప్లేటు లెక్కన అమ్ముతున్నారు, పైగా రుచి ఎలా ఉందో రేటింగ్ ఇమ్మంటున్నారు.

ప్రాతినిధ్యం మాటకొస్తే అదీ లోటు లేదు. కోనసీమ కొబ్బరితోట అడిగాను, కేరళ పడవ ఇల్లు ఇచ్చింది. కనుమనాడు వరిచేలకడ్డంగా, కౌశిక కాలవ దాటించి జగ్గన్నతోటకి భుజాల మీద మోసుకొచ్చే ప్రభ, అదే వెదురుతో కట్టి రంగుబట్టలు చుట్టిన దేవుడి ఎత్తైన చట్రం, అడిగితే నెమలి సింహాసనం, దాని వెనకాల మంచుకొండలు. అంబాజీపేట దగ్గర మంచుకొండలండీ, టూరిజం వాళ్లకి చెప్పాలి. నరసాపురం లేసు అల్లే ఆవిడ అడిగితే పాలలాంటి ఒళ్లుతో హీరోయిన్ ప్రత్యక్షమైంది, చేతికి ఆరు వేళ్లు, పని తొందరగా తెమలాలని కాబోలు. అయినా లేసు సంగతిలో మెషీన్‌ని తిట్టడానికి మనకి మొహం లేదు. మిషనరీల కాలం నుంచీ ఆడవాళ్లు ఇళ్లల్లో కూర్చుని కళ్లు పోయేలా అల్లితే సరుకు విదేశాలకెళ్లింది, పీసు లెక్కన కూలి ఇంటికొచ్చింది, ఏ అల్లిక ఎవరు కనిపెట్టారో ఎవరూ రాసుకోలేదు. 2024లో జీఐ, అంటే ఇది ఫలానా చోటి సరుకు అనే గుర్తింపు వచ్చింది, అదీ ఊరి పేరుకి.

చట్టం కూడా తమాషాగా ఉంటుంది. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ముప్పై నిండకుండానే పోయారు, ఆయన బొమ్మలకి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా హాయిగా వాడుకోవచ్చు. ఆయన శైలిలో గియ్యమంటే మెషీన్ ఏదో రాజస్థాన్ రాణిని చూపించింది. బాపు పోయింది 2014లో, మన చట్టం ప్రకారం పోయాక అరవై ఏళ్ల దాకా ఆ బొమ్మల మీద హక్కుంటుంది. ఫ్లెక్సీ షాపులో కుర్రాడు మాత్రం 'బాపు బొమ్మలా' అని కొట్టి టీ చల్లారేలోపు నాలుగు దించుతున్నాడు. శైలికి కాపీరైటు లేదు కదండీ అంటాడు, లాయరు కొడుకులా.

ఆ షాపు ఓనరుకే ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది, కస్టమర్లు ఫోన్లోనే డిజైన్ చేసుకొచ్చి ప్రింటు మాత్రం అడుగుతున్నారట. కళాకారుల పొట్ట కొడుతున్నారు అని బాధపడ్డాడు. ఫ్లెక్సీ వచ్చిన రోజున బ్రష్షులు మూలపడేసిన గోడ రాతల ఆర్టిస్టులు మా వీధిలోనే ఉన్నారు, వాళ్ల కోసం ఈయన ఏమాత్రం బాధపడ్డాడో నాకు గుర్తులేదు.

సరే, ఆవేశం కాదు, పరిష్కారం కావాలి కాబట్టి ఒక నియమం ప్రతిపాదించాను. ఫ్లెక్సీలో నాయకుడి కింద శుభాకాంక్షలు చెప్పే తలకాయలు వరసగా ఉంటాయి కదా, ఆ వరసలో ఒక గుండ్రం బొమ్మ గీసినవాడికి ఇవ్వాలి, మెషీన్ గీస్తే అది ఎవరి బొమ్మలు చూసి నేర్చుకుందో వాళ్లలో ఒకరికైనా ఇవ్వాలి. అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు. వరసలోంచి ఎవరి తలకాయ తియ్యాలన్న దగ్గర సంక్రాంతి నుంచీ చర్చ నడుస్తోంది.