ఆప్తుల జాబితాలో ఎవరు?

విశిష్ట పూర్వ విద్యార్థులనూ, సంస్థకు అండగా నిలిచిన ఆప్తులనూ ఏటా ఒక వేదిక మీదికి పిలిచి సత్కరించడం చిన్న కళాశాలలకు ఉన్న మంచి అలవాటు. అయితే ఆ జాబితాలు చూసినప్పుడల్లా మాకు ఒక వెలితి కనిపిస్తుంది. పదవుల్లో ఉన్నవారు, పెద్ద విరాళమిచ్చినవారు, పేరు మోసినవారు ఉంటారు. జాబితా అక్కడితో ఆగిపోతుంది. వారిని గౌరవించవద్దని మేము అనడం లేదు. ఆప్తులన్న మాట అంత ఇరుకైనది కాదన్నదే మా వాదన.

ఓసియోలా మెకార్టీ సంగతి చూడండి. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఆమె ఇంటింటి బట్టలూ ఉతికి బతికారు. ఇంట్లో జబ్బుపడిన మనిషిని చూసుకోవడానికి ఆరో తరగతిలోనే బడి మానేశారు. యంత్రం తెచ్చుకుని చూసి, అది శుభ్రంగా ఉతకడం లేదని మళ్లీ కాగులో ఉడకబెట్టి చేత్తోనే రుద్దారు. 87 ఏళ్ల వయసులో, తన తదనంతరం డబ్బు ఎవరికి చెందాలో తేల్చుకోవడానికి బ్యాంకుకు వెళితే, అక్కడి అధికారి పది సెంట్ల నాణేలు పది ఆమె ముందు పరిచి పంచమన్నారు. ఒకటి చర్చికి, మూడు బంధువులకు పెట్టారు. మిగిలిన ఆరూ తమ ఊరి సదరన్ మిసిసిపీ విశ్వవిద్యాలయానికి జరిపారు. ఆ భాగం విలువ దాదాపు 1,50,000 డాలర్లు. ఆమెలాంటి నల్లజాతివారిని 1965 దాకా చేర్చుకోని సంస్థ అది! 1995లో ఈ సంగతి బయటికొచ్చాక దేశమంతా ఆమె వైపు తిరిగి చూసింది. 1998లో ఆ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ పట్టా ఇచ్చింది. అక్కడ ఒక్క రోజూ చదవని మనిషి ఆమె. అంతకంటే ఆప్తురాలు ఎవరుంటారు?

పూర్వ విద్యార్థి అక్కరకు రావడానికీ డబ్బే ఉండనక్కరలేదు. అమెరికాలోనే న్యూహాంప్‌షైర్ రాష్ట్ర ప్రభుత్వం 1816లో డార్ట్‌మత్ కళాశాలను తన చేతుల్లోకి తీసుకోబోయినప్పుడు, 1801లో అక్కడే పట్టా పొందిన న్యాయవాది డేనియల్ వెబ్‌స్టర్ సుప్రీంకోర్టులో దాని తరఫున నిలబడ్డాడు. అది చిన్న కళాశాలే, అయినా దాన్ని ప్రేమించేవారున్నారు అంటూ ఆయన గొంతు పూడుకుపోయిందని విన్నవారు చెప్పుకున్నారు. 1819లో తీర్పు కళాశాల పక్షాన వచ్చింది.

ఇచ్చే చేతిని చూసి మురిసిపోయేముందు ఆ సొమ్ము ఎక్కడిదో అడగడం కూడా సంస్థ బాధ్యతే. మద్రాసు కోటకు గవర్నరుగా పనిచేసిన ఎలిహూ యేల్ 1718లో పంపిన సరుకుల మూటలు, 417 పుస్తకాలు అమెరికాలోని ఒక చిన్న కళాశాలకు ఆయన పేరు తెచ్చిపెట్టాయి; అదే నేటి యేల్ విశ్వవిద్యాలయం. బానిస వ్యాపారంతో ఆయనకున్న సంబంధం గురించి ఆ సంస్థ ఇప్పటికీ జవాబు చెప్పుకోవలసి వస్తోంది. బానిసత్వంతో తనకున్న చారిత్రక సంబంధాలకు 2024లో అది క్షమాపణ కోరింది. చిన్న సంస్థకు డబ్బు కటకట ఎప్పుడూ ఉంటుంది, నిజమే. అందుకే ఈ ప్రశ్నను దాటవేయాలన్న ఆశ కూడా ఎక్కువ.

ఎంపిక సంఘాలను మేము కోరేది కష్టమైన పనేమీ కాదు. విశ్రాంత గుమాస్తాను, గ్రంథాలయంలో పుస్తకాలు సర్దిన మనిషిని, ప్రయోగశాల సహాయకుణ్ని పిలిచి కూర్చోబెట్టి, ఈ కళాశాలను నిలబెట్టింది ఎవరని అడగండి. ఫీజు కట్టలేని పిల్లవాడికి గడువు ఇప్పించిన వ్యక్తి పేరు వారి నోట వస్తుంది. ఏ దస్త్రంలోనూ ఆ పేరు దొరకదు. సత్కార పత్రంలో బిరుదులు తగ్గించి, ఆ మనిషి చేసిన పని ఏమిటో రాయండి. జ్ఞాపిక చేతికిచ్చి, ఫోటో తీసి పంపేయకుండా ఒక పూట విద్యార్థుల మధ్య కూర్చోనివ్వండి.

మెకార్టీ ప్రతిఫలంగా కోరుకున్నది కూడా దాదాపు అదే. తన డబ్బుతో చదువుకున్న బిడ్డ పట్టా అందుకునే రోజున తాను అక్కడ ఉండాలని మాత్రమే ఆమె అడిగారు.