మా వెంచర్ ఆర్చి గారికి బహిరంగ లేఖ

మా ప్లాట్ల లేఅవుట్‌కి ముఖద్వారమైన మహారాజశ్రీ ఆర్చి గారికి, గుంటూరు బ్రాడీపేట ఆఫీసు నుంచి మేనేజింగ్ పార్ట్‌నర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. తమరి క్షేమం అడగక్కర్లేదు. రెండు ఏనుగులు, నడినెత్తిన కలశం, చీకటి పడగానే వెలిగే పేరు, తమరికి లోటేముంది? కష్టకాలం వచ్చిందల్లా తమరి కింద నిలబడ్డవాళ్ళకే.

తమరి జాతకం ఒకసారి గుర్తు చేస్తాను. 2014 సెప్టెంబరు 4న రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని అసెంబ్లీలో ప్రకటించారు. మరుసటి జనవరిలో భూసమీకరణ మొదలై, 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. 2015 అక్టోబరు 22న, సరిగ్గా విజయదశమి రోజున, ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ పండగ ఊపులోనే లాం దాటాక తాడికొండ పోయే దారిలో, పత్తి చేను మధ్యలో తమరు లేచారు. అప్పటికి లేఅవుట్‌లో రోడ్డు లేదు, కరెంటు స్తంభం లేదు, హద్దురాయి లేదు. ఆర్చి ఉంది. మన వ్యాపారంలో ముందు కట్టేది గేటు, తర్వాత కట్టించుకునేది అడ్వాన్సు, ఆ పైన వీలు చిక్కితే రోడ్డు.

ఆదివారం వస్తే చాలు, తమరి ముందు ఇన్నోవాలు బారులు తీరేవి. పార్టీలకు, అంటే ప్లాట్లు కొనడానికి వచ్చినవాళ్ళకి, బిర్యానీ ప్యాకెట్, మజ్జిగ ప్యాకెట్. తమరి నీడలో నిలబడి ఏజెంటు చెయ్యి చాపి, "అదిగో సార్, సచివాలయం అక్కడే వస్తది" అనేవాడు. అటు చూస్తే పత్తి చేను. దాని అవతల ఇంకో ఆర్చి. ఆ ఆర్చి కింద ఇంకో ఏజెంటు నిలబడి చెయ్యి మనవైపు చూపిస్తుండేవాడు.

ఆ రోజుల్లో భూమికంటే కాగితం స్పీడుగా తిరిగింది. రైతు ఎకరం అమ్ముతానంటాడు. ఒకాయన పదో వంతో, పావో అడ్వాన్సు ఇచ్చి, ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటాడు. మిగతా సొమ్ము ఇచ్చే ఉద్దేశం ఆయనకి మొదట్నించీ ఉండదు. గడువు లోపల అదే అగ్రిమెంటుని నాలుగు లక్షలు ఎక్కువేసి ఇంకొకాయనకి ఇస్తాడు, ఆయన మరొకాయనకి. నలుగురు లాభపడతారు, నాలుగిళ్ళలో కార్లు మారతాయి, పాసుపుస్తకంలో రైతు పేరు మాత్రం అక్షరం కదలదు. కుర్చీలాటే ఇది. పాట ఆగినప్పుడు నిలబడిపోయినవాడు అడ్వాన్సు వదులుకోవాలి, లేదా మిగతాది వడ్డీకి తెచ్చి కట్టాలి. పాట ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు గానీ, తన వంతులో మాత్రం ఆగదని అందరికీ నమ్మకం.

2016 నవంబరు 8 రాత్రి ఒకసారి ఆగింది. పెద్దనోట్లు చెల్లవన్నారు. "వైట్ ఎంత, బ్లాక్ ఎంత" అనే పలకరింపు కొన్నాళ్ళు వినపడలేదు, తర్వాత మళ్ళీ వినపడింది. దాని గురించి ఇంతకంటే చెప్పడం మనకి క్షేమం కాదు.

తర్వాత రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైతే రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదట, బుకింగ్ తీసుకోకూడదట. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు పట్టకూడదట. పార్టీల దగ్గర వసూలు చేసిన దాంట్లో 70 శాతం వేరే అకౌంట్లో పెట్టి, ఆ ప్రాజెక్టుకే ఖర్చు పెట్టాలట. ఈ మూడోది చదివినప్పుడు మా పార్ట్‌నర్ ఒకాయన ముఖం చూడాలి. "ఈ వెంచర్ డబ్బు ఈ వెంచర్‌కే పెడితే తర్వాతి వెంచర్ భూమి ఎట్లా కొంటామండీ?" అన్నాడు. నిజాయితీగా అడిగిన ప్రశ్న. మన ఊళ్ళలో సగం వెంచర్లు ఎట్లా నడుస్తాయో ఆ ఒక్క మాటలో ఉంది.

ఇక 2019 డిసెంబరు 17. అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. విశాఖలో పరిపాలన, కర్నూలులో న్యాయం, అమరావతిలో శాసనసభ. తుళ్ళూరులో, మందడంలో రైతులు శిబిరాలు వేసుకుని కూర్చున్నారు. మన ఏజెంట్లు కొందరు వారం తిరక్కుండానే విశాఖ దగ్గరి భోగాపురం బ్రోచర్లు పట్టుకున్నారు. అదే చొక్కా, అదే చెయ్యి చాపడం, "అదిగో సార్, ఎయిర్‌పోర్టు అక్కడే". ఇటు తెచ్చిన అప్పు మాత్రం ఎక్కడికీ తరలిపోలేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే కోటికి నెలకి రెండు లక్షలు. రాజధాని ఒకటైనా మూడైనా ఆ రెండు మాత్రం రెండే.

మూడు నెల్లకి లాక్‌డౌన్. అది ముగిశాక, కష్టకాలంలో కంపెనీని నడిపించడం ఎలా అని విజయవాడలో ఒక హోటల్లో సెమినార్ పెట్టారు, వెళ్ళాను. కోటు వేసుకున్న పెద్దమనిషి "సంక్షోభమే అవకాశం" అని తెర మీద చూపిస్తున్నాడు. హాల్లో ఉన్నవాళ్ళం అందరం ఎండీలమే, చైర్మన్లమే. టేబుళ్ళ మీద బోర్లించిన ఫోన్లు సైలెంట్‌లో గుర్‌ర్, గుర్‌ర్‌మంటూ జరుగుతున్నాయి. ఒక్కడు ఎత్తలేదు. ఎవరు చేస్తున్నారో తెలుసు కాబట్టే ఎత్తలేదు. పార్టీలు, ఫైనాన్సర్లు, రైతులు. నాయకత్వం గురించి మూడు గంటలు విని, భోజనం చేసి, ఫోన్లు అట్లాగే జేబులో వేసుకుని ఎవరి కార్లు వాళ్ళు ఎక్కారు.

ఆఫీసుకొచ్చి మీటింగ్ పెడితే మనవాళ్ళ మొదటి ఆలోచన తమరే. "ఆర్చికి రంగేయిద్దాం, లైట్లు మారుద్దాం. ఆర్చి మెరుస్తుంటే కంపెనీ బాగుందనుకుంటారు." ముగ్గురు ఔనన్నారు, నేనొక్కణ్ణి కాదన్నాను. ఆ నెల ఆఫీసు కుర్రాడి జీతం ఆగింది, తమరి ఏనుగులకి బంగారు రంగు పడింది.

ఆ బంగారు రంగు చూసి ఒక్క పార్టీ కూడా రాలేదు. వచ్చింది పక్క చేను రైతు. మన నలభై అడుగుల రోడ్డు మీద మిరపకాయలు ఆరబోసుకుంటానన్నాడు. మంచి ఎండ, మట్టి అంటదు, గేటుంది కాబట్టి గొడ్లు రావు. వేసవంతా ఆ రోడ్డు ఎర్రగానే ఉంది. మన లేఅవుట్ అందంగా కనపడింది ఆ రెండు నెలలే అని నా అభిప్రాయం.

తెనాలిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు ఒకరు మన దగ్గర రెండొందల గజాలు కొన్నారు. నెలనెలా ఫోన్ చేసేవారు.

"ఏవయ్యా, మన ప్లాటు ఉందా?"

"ఉందండి మాస్టారూ."

"చూశావా, ఊరికే చెప్తున్నావా?"

"నిన్ననే చూశానండి. మిరపకాయలు ఆరబోశారు."

"నా ప్లాట్లోనా?"

"ప్లాటు ముందు రోడ్డు మీదండి."

"మనకేమన్నా ఇస్తాడా?"

ఆ ఆదివారం రెండు కేజీల మిరపకాయలు తెనాలి పంపించాను. ఆ పెట్టుబడి మీద వచ్చిన రాబడి మా లెక్కల పుస్తకంలో ఎక్కడా పడలేదు గానీ, తర్వాత ఏడాది మాస్టారి చుట్టాలు ఇద్దరు కొనడానికి వచ్చారు. అప్పట్లో జిల్లాలో ఇంకెవరూ ఏమీ కొనడంలేదు.

ఆ నాలుగేళ్ళలో కంపెనీని నడిపించడం అంటే ఇట్లాంటివే. విజయవాడ బ్రాంచి మూసేశాం. పెద్ద కారు అమ్మేశాం. డబ్బు వెనక్కి కావాలన్నవాళ్ళకి తేదీలు వేసి విడతలుగా ఇచ్చాం. తేదీ తప్పే పరిస్థితి ఉంటే ముందురోజే మనమే ఫోన్ చేసి చెప్పాం. తిట్లు ముందురోజే తినేస్తే మర్నాడు కాస్త తేలిగ్గా ఉంటుంది. రైతులతో మాత్రం కూర్చోవలసి వచ్చింది. "మిగతా డబ్బు ఇప్పుడు ఇవ్వలేం, అడ్వాన్సు వెనక్కి అడగం, భూమి డెవలప్‌మెంట్‌కి ఇవ్వండి, వచ్చిన గజాలు పంచుకుందాం" అన్నాం. ఎకరానికి 4840 గజాలు, రోడ్లకీ పార్కుకీ పోగా సగం పైచిలుకు మిగులుతాయి. వాటాల బేరం దగ్గర ఒకాయన మూడు నెలలు తేల్చలేదు. ఆయన పట్టిందే పట్టు గనక ఆయన గజాలు ఆయనకి కాస్త ఎక్కువే వెళ్ళాయి. వడ్డీ మాత్రం అక్కడితో ఆగింది.

ఈ పనుల్లో దేనికీ తమరి అవసరం పడలేదని మనవి. ఆ రోజుల్లోనే గాలివానకి ఎడమ ఏనుగు తొండం విరిగి కింద పడితే వాచ్‌మన్ దాన్ని తలుపుకి అడ్డం పెట్టుకున్నాడు. తమరి జీవితంలో అది మొదటి ఉపయోగం.

2022 మార్చి 3న అమరావతినే రాజధానిగా కట్టాలని హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఫోన్లు కొంచెం మోగాయి. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చాక మోత ఆగలేదు. సైలెంట్‌లో పెట్టిన ఫోన్లన్నీ తిరిగి పలికాయి. భోగాపురం వెళ్ళినవాళ్ళు అవే చొక్కాలతో వెనక్కి వచ్చారు. "అన్నా, మన ఆర్చి ఉందిగా?" అనడిగాడు ఒకడు. ప్లాట్లున్నాయా అని అడగలేదు.

ఈలోగా సెప్టెంబరు 1 వచ్చింది. బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటిదాకా పార్టీ కారు దిగగానే అడిగేది ఒకటే, "తూర్పు ఫేసింగ్ ఉందా?" ఇప్పుడు కారు దిగకముందే అడుగుతున్నారు, "కొండవీటి వాగు ఎంత దూరం? నల్లరేగడి కదా, నీళ్ళు నిలుస్తాయా?" మొన్న ఒకావిడ తమరివైపు కన్నెత్తైనా చూడకుండా తిన్నగా లోపలికి నడిచి, చివరి వరస ప్లాట్లో చెప్పు మడమతో మట్టి తవ్వి చూసింది. మన ఏజెంటు కలశం గురించి చెబుతూనే ఉన్నాడు.

అసలు సంగతికి వస్తాను. ఫేజ్ 2కి తమరికో తమ్ముణ్ణి కట్టాలని పార్ట్‌నర్ల పట్టు. తమరికంటే పదడుగులు ఎత్తు, ఏనుగుల బదులు బుద్ధుడు, చుట్టూ ఫౌంటెన్. ఆ కొటేషన్ వచ్చి నా టేబుల్ మీద ఉంది. వాగు వైపు కాలవ తవ్వి, చివరి రెండు వరసలకి మెరక తోలే పని కొటేషన్ ఇంకా రాలేదు. అది వచ్చి, డబ్బు కట్టి, పొక్లెయిన్ దిగేదాకా తమ్ముడి కాగితం మీద నా సంతకం పడదు. ఈసారి కూడా ముగ్గురు ఔనంటారు. చెక్కు మీద నా సంతకం లేందే బ్యాంకు ఒప్పుకోదని ఈమధ్యే మార్పించాను.

తొండం సంగతి ఆ తర్వాత చూద్దాం. వాచ్‌మన్‌కి కూడా వేరే అడ్డుకర్ర చూడాలి.

ఇట్లు,
తమరి విధేయుడు,
మేనేజింగ్ పార్ట్‌నర్